గేజి తక్కువంటోంది, ఇంజిన్ నిండా ఆయిల్: చిత్తూరులో ఒక పాత పికప్ కేసు

బండి 2009 మోడల్ డీజిల్ పికప్. నాలుగు సిలిండర్లు, రెండున్నర లీటర్ల ఇంజిన్, టర్బో లేదు, డీజిల్ పంపు పాత మెకానికల్ రకం. మీటరు 2 లక్షల 80 వేల కిలోమీటర్లు దాటింది. వేసవిలో బంగారుపాళ్యం వైపు తోటల నుంచి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ తోలుతుంది. మిగతా రోజుల్లో పలమనేరు, వి.కోట వైపు నుంచి టమాటా. అంటే మొగిలి ఘాటు వారంలో నాలుగైదు సార్లు ఎక్కి దిగుతుంది.

డ్రైవరు చెప్పిన మాట ఒకటే: "ఆయిల్ తింటా ఉందన్నా. వారానికి లీటరు పోస్తా ఉన్నా, చాలడం లేదు."

పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ. ఘాటు ఎక్కుతుంటే మళ్లీ పొగ. లాగడం తగ్గింది. ఈ మధ్య ఎత్తు మీద ఆయిల్ లైటు ఒకటి రెండు సార్లు మిణుకుమంది. ఇంతకుముందు చూసినవాళ్లు పిస్టన్ రింగులు పోయాయని, బోరు (సిలిండర్) పని చేయించాలని చెప్పారు. ఎస్టిమేటు అరవై వేలు. 2 లక్షల 80 వేలు తిరిగిన ఇంజిన్ వారానికి లీటరు తాగుతూ నీలం పొగ కక్కుతుంటే ఎవరికైనా ముందు తట్టేది రింగులే. ఆ ఊహలో తప్పేమీ లేదు. కానీ అది ఊహగా ఉన్నప్పుడే ఇంజిన్ దించకూడదు.

ఈ కేసులో లెక్క కుదరని చిన్న మాట ఒకటుంది. ఘాటు ఎక్కేటప్పుడు బండిలో ఉండేవి ఖాళీ క్రేట్లు. సరుకు వచ్చేది దిగేటప్పుడు. రింగులు అరిగిన ఇంజిన్ బరువు మీద ఎక్కువ పొగ వేస్తుంది. ఈ బండి ఖాళీగా ఎక్కుతూ కూడా పొగ వేస్తోంది. అయితే పొగకు కారణం బరువు కాకపోవచ్చు. బండి ముక్కు పైకి లేచి ఉండడమే కారణం కావచ్చు.

మొదటి చూపు

బండి మా గరాజులోకి రాగానే డ్రైవరు గేజి, అంటే ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, లాగి చూపించాడు. ఇంజిన్ ఆపి అర నిమిషం కూడా కాలేదు. గేజి మీద ఆయిల్ రెండు గీతల మధ్యన కనిపించింది. ఆ రీడింగుకు విలువ లేదు. నడుస్తున్న ఇంజిన్‌లో కొంత ఆయిల్ పైన హెడ్‌లో, టాపెట్ల దగ్గర, గ్యాలరీల్లో (ఆయిల్ పారే సన్న దారుల్లో), ఫిల్టర్‌లో ఉంటుంది. అది ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగడానికి వేడి మీద పది, పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా గేజి తక్కువే చూపిస్తుంది. పైగా గేజి దిగే గొట్టం లోపలి గోడంతా తడిగా ఉంటుంది కాబట్టి మొదటిసారి లాగినప్పుడు గేజి పొడవునా ఆయిల్ పూసుకుని వస్తుంది. ఎక్కడిదాకా ఉందో అంతుపట్టదు.

బండిని చదునుగా ఉన్న గచ్చు మీద పెట్టి పదిహేను నిమిషాలు ఆగాం. గేజి లాగి, పోగులు ఊడని పాత బనియన్ గుడ్డతో తుడిచాం. కాటన్ వేస్టు వాడకూడదు, దాని పోగులు గేజితో పాటు గొట్టంలోకి పోతాయి. గేజిని దాని కాలరు (పిడి కింది అంచు) గొట్టం మూతికి ఆనేదాకా దించి, ఒక క్షణం ఆపి తీశాం. చూసేటప్పుడు కొన కిందికి ఉండాలి. కొన పైకెత్తితే ఆయిల్ పిడి వైపు జారి ఎక్కువ చూపిస్తుంది. గేజికి రెండు పక్కలూ చూడాలి. ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ ఉంటే తక్కువదే నిజం, ఎక్కువున్న పక్క గొట్టానికి రాసుకుంది.

రెండుసార్లు తీస్తే రెండుసార్లూ ఒకటే: పై గీతకు 7 మిల్లీమీటర్లు పైన. వారానికి లీటరు తాగుతున్న ఇంజిన్‌లో ఆయిల్ ఎక్కువుంది.

ఆయిల్ ఎక్కువ కనిపిస్తే వెంటనే అడగాల్సిన ప్రశ్న: అది నిజంగా ఆయిలేనా, ఇంకేదైనా కలిసిందా? పాత డీజిల్ ఇంజిన్‌లో లెవల్ దానంతటదే పెరగడానికి ముఖ్యంగా రెండు దారులు. ఫీడ్ పంపు డయాఫ్రం చినిగి డీజిల్ ఛాంబర్‌లోకి దిగడం ఒకటి, హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు కలవడం రెండోది. రెండింటికీ పరీక్ష పది నిమిషాల పని. బ్లాటింగ్ కాగితం మీద గేజి కొన నుంచి ఒక చుక్క వేసి పక్కన పెట్టాం. డీజిల్ కలిసి ఉంటే నల్ల మచ్చ చుట్టూ లేత రంగు వలయం వెడల్పుగా పాకుతుంది, వాసన కూడా పట్టిస్తుంది. ఇక్కడ పాకలేదు. స్టవ్ మీద రేకు కాల్చి ఇంకో చుక్క వేశాం. నీళ్లుంటే చిటపటమంటుంది. ఇక్కడ నిమ్మళంగా పొగ మాత్రమే వచ్చింది. మూత లోపలి పక్క మజ్జిగ రంగు మడ్డి లేదు. రేడియేటర్ నీళ్ల మీద తెట్టు లేదు.

ఆయిల్ నల్లగా ఉంది. అది తప్పు కాదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన రెండు మూడు రోజులకే మసితో నలుపెక్కుతుంది. నలుపు చూసి ఆయిల్ పోయిందనడం, రంగు బాగుందని ఆయిల్ మంచిదనడం రెండూ సరికావు.

తర్వాత ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌కు పోయే హోసు విప్పి కిందికి వంచాం. సుమారు 80 మిల్లీలీటర్ల ఆయిల్ ధారగా కారింది. ఫిల్టర్ అడుగున సగం తడిసి ఉంది. వారానికి లీటరు ఎటు పోతోందో అక్కడ తేలింది. రింగుల సందుల్లోంచి కాదు, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) దారిన పైకెక్కి, గాలితో పాటు సిలిండర్లలోకి వెళ్లి కాలిపోతోంది.

ఎక్కువ ఆయిల్ ఏం చేస్తుంది

క్రాంక్ షాఫ్ట్ బరువులు ఆయిల్‌కు కాస్త పైన తిరిగేలా ఇంజిన్ తయారుచేస్తారు. లెవల్ పెరిగి క్రాంక్ ఆయిల్‌లో మునిగితే కవ్వంతో చిలికినట్టే. నురుగవుతుంది, ఆవిరి లాంటి తుంపర నిండుతుంది. టాపెట్ కవర్ మీది బ్రీదర్ గొట్టం ఉన్నది లోపలి గాలిని ఎయిర్ ఇంటేక్‌లోకి పంపడానికి. ఇప్పుడు గాలితో పాటు ఆయిల్‌ను మోస్తుంది. నీలం పొగ అదే.

నురుగులో గాలి ఉంటుంది, గాలి నొక్కుకుపోతుంది. ఆయిల్ పంపు నురుగును లాగితే ప్రెషర్ నిలవదు. ఆయిల్ ఎక్కువై కూడా లైటు మిణుకుమనడం దీనివల్లే. ఆ లైటు ఛాంబర్‌లో ఎంతుందో చెప్పదు, ప్రెషర్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. డ్రైవరు లైటు చూసి ఆయిల్ తక్కువైందనుకుని ఇంకో అర లీటరు పోశాడు. చాలామంది చేసేదే ఇది.

ఇక ఘాటు సంగతి. 100 మీటర్లకు 6 మీటర్లు లేచే ఎత్తు అనుకుందాం. ఛాంబర్ పొడవు అర మీటరు. నడిమి నుంచి వెనక అంచుకు 25 సెంటీమీటర్లు. ఆ వాలులో వెనక అంచున ఆయిల్ 15 మిల్లీమీటర్లు లేస్తుంది. ముందే నిండిన ఛాంబర్‌లో ఇంకో 15 మిల్లీమీటర్లంటే వెనక సిలిండర్ల క్రాంకు నేరుగా ఆయిల్‌ను కొడుతుంది. బండిలో ఖాళీ క్రేట్లున్నా, నిండు టమాటా ఉన్నా తేడా లేదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగకూ కారణం దాదాపు ఇదే: రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో ఆయిలంతా కిందే ఉంటుంది, పైన గ్యాలరీల్లోకి ఎక్కేదాకా లెవల్ ఎక్కువ.

ఇందులో నిజంగా భయపడాల్సిన విషయం పొగ కాదు. డీజిల్ ఇంజిన్ గాలిదారిలోకి ఆయిల్ ఒక్కసారిగా ఎక్కువగా వస్తే ఆ ఆయిలే ఇంధనమవుతుంది. తాళం తిప్పినా, స్టాప్ లాగినా ఆగదు, ఎందుకంటే అవి ఆపేది డీజిల్‌ను మాత్రమే. రేసు దానంతటదే పెరిగి ఇంజిన్ పగిలిపోయేదాకా పోవచ్చు. అలా జరిగితే మాన్యువల్ గేరు బండిలో ముందు చేయగలిగింది ఇది: బ్రేకు గట్టిగా నొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, పై గేరు వేసి క్లచ్ ఒక్కసారి వదిలి ఇంజిన్‌ను అణచడం. బానెట్ తెరిచి ఉండి, గాలిమూతి అందుబాటులో ఉంటే గట్టి చెక్క పలకతో దాన్ని మూసేయవచ్చు. చేయి మాత్రం పెట్టకూడదు, గుడ్డ కుక్కకూడదు. రెండింటినీ లోపలికి లాగేసుకుంటుంది. హోసులోంచి 80 మిల్లీలీటర్లు కారిన బండి ఆ ప్రమాదానికి దూరంగా ఏమీ లేదు.

ఎంతుందో కొలవడం

ఊహ వద్దనుకుని మొత్తం దించేశాం. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు దించితే మడ్డితో సహా బాగా దిగుతుంది. ముప్పావుగంట కారనిచ్చాం. దిగింది లీటరు మగ్గుతో కొలిస్తే 7.1 లీటర్లు. ఫిల్టర్‌లో ఉన్నది మరో అర లీటరు. మొత్తం 7.6. ఈ బండి పుస్తకంలో రాసింది ఫిల్టర్‌తో కలిపి 6 లీటర్లు. లీటరు 600 మిల్లీలీటర్లు ఎక్కువ.

మరి గేజి మీద పై గీతకు 7 మిల్లీమీటర్లు పైనే ఎందుకుంది? ఈ గేజిలో రెండు గీతల మధ్య దూరం 22 మిల్లీమీటర్లు, పరిమాణంలో లీటరున్నర. అంటే లీటరుకు దాదాపు 15 మిల్లీమీటర్లు. పైకి పోయేకొద్దీ ఛాంబర్ వెడల్పవుతుంది కాబట్టి పై గీత దాటాక లీటరుకు 12, 13 అనుకున్నా, 1.6 లీటర్లకు 20 మిల్లీమీటర్లు పైన ఉండాలి. 7 మాత్రమే ఉంది. 13 మిల్లీమీటర్లు లెక్కకు రావడం లేదు.

కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ సరిగ్గా 6 లీటర్లు కొలిచి పోశాం. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి, ఆపి, పదిహేను నిమిషాలు ఆగి గేజి చూశాం. పై గీత మీద ఉండాల్సిన ఆయిల్ దానికి 13 మిల్లీమీటర్లు కింద ఉంది. అదే తేడా, ఈసారి నిలువునా కళ్ల ముందు.

గేజి ఈ ఇంజిన్‌ది కాదు.

అప్పుడు అడిగితే డ్రైవరుకు గుర్తొచ్చింది. నాలుగు నెలల కిందట గేజి ఎక్కడో పడిపోతే పాత సామాన్ల అంగడిలో ఒకటి తెచ్చి పెట్టారు. గొట్టంలో సరిపోయింది, పిడి రంగు కూడా అదే. ఛాసిస్ నంబరు చెప్పి సరైన గేజి తెప్పించి, రెండింటి కాలర్లను ఒక మట్టాన ఆనించి పక్కపక్కన పెట్టి చూశాం. అంగడి నుంచి తెచ్చిన గేజి కాలరు నుంచి పై గీత దాకా 13 మిల్లీమీటర్లు పొట్టి. గేజి మార్చేటప్పుడు చూడాల్సింది మొత్తం పొడవు కాదు. కాలరు గొట్టం మూతికి ఆనే చోటు నుంచి గీతల దాకా ఎంత దూరమన్నదే లెక్క. పిడి పెద్దదైనా చిన్నదైనా పర్వాలేదు. అలాగే కాలరు కింద రబ్బరు రింగు ఉబ్బి గేజి పూర్తిగా దిగకపోయినా, గొట్టం మార్చినప్పుడు బ్లాకులోకి పూర్తిగా కొట్టకపోయినా ఇదే తప్పు వస్తుంది.

రెండో తప్పు, మిట్ట మీద

గేజి ఒక్కటే తప్పయితే బండిలో ఎక్కువుండాల్సింది సుమారు లీటరు. 1.6 ఎందుకుంది? గేజి మారి నాలుగు నెలలైంది, పొగ మొదలై రెండు నెలలే అయింది. ఆ రెండు నెలల కిందట ఏం మారిందని అడిగాం. బండి రాత్రిపూట పెట్టే జాగా మారింది.

ఆ కొత్త జాగాకు వెళ్లి చూశాం. రోడ్డు మిట్టన, జాగా పల్లాన ఉంది. పొద్దున తేలిగ్గా బయటికి తీయడానికి ముందు చక్రాలు మిట్టకు, వెనక చక్రాలు పల్లానికి పెడతారు. ఆయిల్ చూసేది పొద్దున అక్కడే. కంటికి పెద్ద వాలుగా అనిపించదు. మేస్త్రీలు గోడల మట్టానికి వాడే నీళ్ల ట్యూబు తెచ్చి ముందు చక్రం దగ్గర, వెనక చక్రం దగ్గర పట్టి చూస్తే తేడా 15 సెంటీమీటర్లు. రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 3 మీటర్లు. నూటికి ఐదు వాలు.

ఈ ఇంజిన్‌లో గేజి గొట్టం ఛాంబర్ నడిమికి సుమారు 15 సెంటీమీటర్లు ముందు దిగుతుంది. ముక్కు పైకుంటే ఆయిల్ వెనక్కి పోతుంది, గేజి దగ్గర తగ్గుతుంది. 15 సెంటీమీటర్లలో నూటికి ఐదంటే ఏడున్నర మిల్లీమీటర్లు. పరిమాణంలో అర లీటరు. సరైన గేజి పెట్టి, సరైన 6 లీటర్లతో అదే జాగాలో చూస్తే పై గీతకు 7 మిల్లీమీటర్లు కింద చూపించింది. బండి తిప్పి ముక్కు పల్లానికి పెడితే అంతే మేర పైకి పోయింది. గొట్టం నడిమికి వెనక పక్క దిగే ఇంజిన్లలో ఇది తలకిందులవుతుంది. అప్పుడు ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే తక్కువున్నా నిండుగా కనిపిస్తుంది.

రెండూ కలిపితే 20 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇప్పుడు డ్రైవరు పొద్దున చూసింది ఆయన కళ్లతో చూద్దాం. ఆ మిట్ట మీద, ఆ పొట్టి గేజితో ఆయిల్ పై గీతకు వచ్చేసరికి ఇంజిన్‌లో 7.6 లీటర్లుంటుంది. కింది గీత దగ్గర, "అయ్యో అడుగంటింది" అనిపించే చోట ఇంజిన్‌లో నిజంగా ఉండేది 6 లీటర్లకు అటూ ఇటూ, అంటే ఉండాల్సినంత. ఆయన పోసిన ప్రతి లీటరూ నిండిన ఇంజిన్‌లోనే పోశాడు. ఇంజిన్ దాన్ని బ్రీదర్ దారిన బయటికి నెట్టి, తనకు కావాల్సిన లెవల్‌కు తానే దిగింది. దిగగానే గేజి తక్కువంది. మళ్లీ లీటరు. ఆయిల్ తాగడం, పోయడం ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోయాయి.

ఆయన నిర్లక్ష్యం ఇందులో ఇసుమంతా లేదు. రోజూ పొద్దున బానెట్ ఎత్తి గేజి చూసే డ్రైవర్లు ఎంతమంది ఉన్నారు? పని శ్రద్ధగా చేశాడు. కొలత సాధనం, నిలబెట్టిన నేల రెండూ తప్పు చెప్పాయి.

కమాన్ల (స్ప్రింగు పట్టీల) మాట కూడా చెప్పుకోవాలి. సరుకు బళ్లకు వెనక అదనపు పట్టీలు వేయిస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం లేచి ముక్కు వంగుతుంది. సరుకు వేస్తే మట్టానికి వస్తుంది. అందుకే ఎప్పుడు చూసినా ఖాళీ బండి మీదే చూడాలి. ఒకరోజు ఖాళీగా, ఒకరోజు కాయ నింపి చూస్తే రెండు రీడింగులకూ పొంతన ఉండదు.

రింగుల సంగతి తేల్చుకోవడం

కారణం దొరికిందని రింగులను వదిలేయలేదు. లెవల్ సరిచేశాక కంప్రెషన్ చూశాం. నాలుగు సిలిండర్లూ 360 నుంచి 380 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. ఈ వయసు ఇంజిన్‌కు మంచివి. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, ఒకటి మిగతావాటికన్నా నూటికి పది పైన తగ్గితే అనుమానించాలి. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత విప్పి తిరగేసి రంధ్రం మీద పెడితే కాస్త అదురుతూ అక్కడే కూర్చుంది. రింగులు బాగా పోయిన ఇంజిన్ ఆ మూతను ఎగరగొడుతుంది. ఈ పరీక్ష లెవల్ సరిచేయకముందు చేస్తే పనికిరాదు, నురుగు ఒత్తిడి, తుంపర చూసి రింగులే అనిపిస్తుంది.

నిజమైన లీకు ఒకటి దొరికింది. ఈ రకం పికప్‌లలో బ్రేక్ బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. దానికి ఇంజిన్ ఆయిలే ఒక సన్నని గొట్టంలో వస్తుంది, ఒక రబ్బరు హోసులో ఛాంబర్‌కు తిరిగి పోతుంది. ఆ తిరుగు హోసు క్లిప్పు దగ్గర పగిలి చెమ్మ కారుతోంది. కారింది గాలికి బ్లాకు మీద పరుచుకుని దుమ్ము పట్టి కనిపించకుండా పోతుంది. ఆల్టర్నేటర్ లోపల తడి లేదు, కాబట్టి పంపు సీలు బాగుంది. హోసు, క్లిప్పులు మార్చాం. పాత పికప్ ఆయిల్ తాగుతోందంటే టాపెట్ కవర్ ప్యాకింగు, డ్రెయిన్ బోల్టు వాషరు, క్రాంకు ముందూ వెనకా సీళ్లతో పాటు ఈ హోసును చూడకుండా రింగుల దాకా పోకూడదు.

పోసిన తీరు

పాతదాంట్లో ఏం కలిసిందో తెలియదు. డ్రైవరు ఘాటు దారిలో దొరికిన లూజు ఆయిల్, ఒకసారి పెట్రోల్ కారు ఆయిల్ కూడా పోశాడు. అందుకే మొత్తం మార్చాం. ఈ ఇంజిన్‌కు 15డబ్ల్యూ-40, ఏపీఐ సీహెచ్-4 లేదా సీఐ-4. డబ్బా మీద ఎస్‌తో మొదలయ్యే అక్షరాలు మాత్రమే ఉంటే అది పెట్రోల్ ఇంజిన్ ఆయిల్. డీజిల్‌కు సీ అక్షరం ఉండాలి, డీజిల్ మసిని పట్టి ఉంచే శక్తి దానికి ఎక్కువ. మన ఎండలకు ఇంకా చిక్కటిది మంచిదని కొందరు అంటారు. 40 అన్నది వేడెక్కిన ఇంజిన్‌లో చిక్కదనమే, బయట 42 డిగ్రీలున్నా దానికి చాలు. డ్రమ్ములోంచి పోసే లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు. అది ఏ గ్రేడో, కొత్తదో వడగట్టిందో కంటితో చెప్పలేం.

డ్రెయిన్ బోల్టుకు కొత్త రాగి వాషరు వేశాం. బోల్టు మీద అయస్కాంతం పెడితే సన్నని బూడిద లాంటి పొడి తప్ప రవ్వలు లేవు. రవ్వలుంటే లోపల ఏది అరుగుతోందో ఆలోచించాలి. ఫిల్టర్ మూతి పైకుండేలా పట్టి కొత్త ఆయిల్ నింపి, రబ్బరు రింగుకు ఆయిల్ రాసి, ఆనాక చేత్తో ముప్పావు చుట్టు బిగించాం. బెల్టు పానాతో బిగిస్తే రింగు నలిగి కారుతుంది, మళ్లీ విప్పేటప్పుడు డొక్క చినుగుతుంది. టాపెట్ కవర్ మీది మూత చుట్టూ దుమ్ము తుడిచాకే మూత విప్పాలి. మామిడి తోటల్లో తిరిగే బండికి అక్కడ వేలు మందం మట్టి ఉంటుంది.

మొదట ఐదున్నర లీటర్లు పోశాం, అందులో ఫిల్టర్‌లోకి నింపిన అర లీటరూ కలిసే ఉంది. స్టాప్ లాగి పట్టుకుని పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొడుతూ ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పాం. పొడి బేరింగులతో ఇంజిన్ ఒక్కసారి రేసు ఎక్కకుండా ఇది అవసరం. తర్వాత స్టార్ట్ చేసి, ఆపి, ఆగి, మిగతా అర లీటరు రెండు దఫాలుగా కొలిచి పోశాం. తక్కువైన ఆయిల్ పోసేటప్పుడు కూడా ఇంతే: ఈ గేజిలో సగం తగ్గిందంటే ముప్పావు లీటరు. ముందు అర లీటరు పోసి, పది నిమిషాలు ఆగి చూసి, తర్వాత మిగతాది. పోసిన మరుక్షణం గేజి తీస్తే ఆయిల్ ఇంకా హెడ్ మీదే ఉంటుంది. ఆ తొందరలో చాలా బళ్లలో అర లీటరు ఎక్కువ పడుతుంది. పై గీత దాకా నింపి తీరాలన్న నియమం లేదు. రెండు గీతల మధ్య పై సగంలో ఉంటే ఘాటుకు హాయి. ఎక్కువ పడితే గేజి గొట్టంలోంచి సన్నని ట్యూబు దించి పెద్ద సిరంజితో లాగేయవచ్చు, డ్రెయిన్ బోల్టు ముట్టనక్కర్లేదు.

ఎయిర్ హోసులు డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసి బిగించాం. కడిగిన హోసును తడిగా బిగిస్తే ఇంజిన్ ఆ డీజిల్‌ను తాగుతుంది, ఆరడం ముఖ్యం. దించిన పాత ఆయిల్ డబ్బాల్లో నింపి రీసైక్లింగ్‌కు కొనేవాళ్ల కోసం పెట్టాం. గరాజుల వెనక కాలువల్లో పోసేది వానకు నీవా నదిలోకే పోతుంది.

తర్వాత

పొగ మొదటి రెండు రోజులు సన్నగా వచ్చింది, మానిఫోల్డ్‌లో అంటుకున్న ఆయిల్ కాలడం వల్ల. మూడో రోజు నుంచి పొద్దున స్టార్టింగులో ఒక్క పొగ ముద్ద, నిమిషంలో పోతోంది. ఈ వయసు ఇంజిన్‌లో వాల్వ్ సీళ్ల నుంచి అంత రావడం మామూలే. ఘాటు మీద పొగ లేదు, లైటు మళ్లీ మిణుకుమనలేదు.

1,200 కిలోమీటర్లకు చదును గచ్చు మీద, ఖాళీ బండి, పదిహేను నిమిషాల నిలుపు తర్వాత చూస్తే 3 మిల్లీమీటర్లు తగ్గింది. 200 మిల్లీలీటర్లు. పోయాల్సిన అవసరం రాలేదు.

సీజన్‌లో ఒక సంగతి మాత్రం లెక్కలో పెట్టాం. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాయ దించడానికి గంటల తరబడి వరుసలో నిలబడి, బండి కొంచెం కొంచెం జరపడానికి ఇంజిన్ ఆపకుండా ఉంచుతారు. మీటరు తిరగదు, ఆయిల్ మాత్రం పని చేస్తూనే ఉంటుంది. అందుకని ఈ బండికి తర్వాతి మార్పు కిలోమీటర్లకు కాకుండా సీజన్ ముగిసిన వారానికి పెట్టాం.

ఆయిల్ చూసే జాగా కూడా మార్చాం. రోజూ డీజిల్ కొట్టించే బంకులో గాలి పట్టే చోట సిమెంటు గచ్చు ఉంది. నీళ్ల ట్యూబు పెట్టి చూస్తే రెండు చక్రాల మధ్య తేడా ఒక సెంటీమీటరు లోపే. అక్కడ టైర్లకు గాలి చూసేలోగా ఆయిల్ కిందికి దిగుతుంది. వారానికోసారి ఆ చోటే, అదే వైపు ముఖం పెట్టి. డ్యాష్‌బోర్డు డబ్బాలో చిన్న నోటుబుక్కు ఉంచాం: తేదీ, కిలోమీటర్లు, పై గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు కింద, ఎంత పోశారు. ఇప్పటిదాకా చివరి నిలువు వరుసలో అన్నీ సున్నాలే.

పొట్టి గేజిని రెండు ముక్కలుగా కోసి తుక్కులో వేశాం, మళ్లీ ఏ అంగడికీ చేరకుండా.